పేదరికం పక్కనుంటే నేరాలు తప్పవా? మా వాళ్లు సందుకు అడ్డంగా గోడ కట్టాలంటున్నారు

ప్రశ్న – మూడో అంతస్తు

మా అపార్ట్‌మెంట్ల వెనక ఒక బస్తీ ఉంది. మధ్యలో సన్నటి సందు. బస్తీ పిల్లలు స్కూలుకు వెళ్లేది, అక్కడి ఆడవాళ్లు మా వైపు ఇళ్లలో పనికి వచ్చేది ఆ సందులోంచే. ఈమధ్య మా వైపు రెండు బైకులు పోయాయి. ఒకావిడ ఫోన్ మాట్లాడుకుంటూ నడుస్తుంటే వెనక నుంచి బండి మీద వచ్చి ఫోన్ లాక్కుపోయారు. ఎవరు చేశారో ఇప్పటికీ తెలీదు. కానీ మొన్నటి మీటింగులో అందరిదీ ఒకటే మాట: "పక్కనే అంత పేదరికం ఉంటే దొంగతనాలు జరక్క ఏమవుతాయి?" సందుకు అడ్డంగా గోడ కట్టాలని వచ్చే ఆదివారం తీర్మానం పెడతారట.

నాకు ఇది సరికాదనిపిస్తోంది. అయితే మనసులో అనిపించడం వేరు, నలుగురిలో లేచి చెప్పడం వేరు. పేదరికానికీ నేరానికీ సంబంధమే లేదని నేను అనలేను. ఉంటే అది ఎలాంటి సంబంధం? ఒకే నగరంలో కొన్ని పేటల్లోనే నేరాలు ఎందుకు ఎక్కువ? గోడ కడితే నిజంగా తగ్గుతాయా? ఈ విషయంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, దయచేసి.

జవాబు – రెండు చక్రాలు

మేం ముగ్గురు పిల్లలం ఒక్క గది ఇంట్లో పెరిగాం. మా నాన్న కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగేది. మాలో ఎవరూ ఏనాడూ ఇంకొకరి వస్తువు ముట్టుకోలేదు. పేదరికం వల్ల దొంగలవుతారని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అది మాలాంటివాళ్లందరినీ అనుమానించే మాట. దొంగతనం చేసేవాడు తెలిసే చేస్తాడు. పట్టుకుని శిక్ష వేస్తే తగ్గుతుంది. గోడ సంగతి మీరే తేల్చుకోండి. కానీ పరిస్థితులు, సమాజం అంటూ నేరానికి సాకులు వెతకొద్దు.

జవాబు – మలుపు దగ్గర

నేను ప్రొబేషన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద కేసు పడితే ఆ పిల్లాడి ఇంటికి వెళ్లడం, తల్లిదండ్రులతో, టీచర్లతో, ఇరుగుపొరుగుతో మాట్లాడడం, వాడు ఏ పరిస్థితుల్లో పెరుగుతున్నాడో కోర్టుకు రిపోర్టు రాసివ్వడం నా పని. కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను. కాస్త పెద్దదవుతుంది.

ముందు రెండు చక్రాలు గారికి. మీ మాటలో అసలు విషయం ఉందండీ. నేను వెళ్లిన బస్తీల్లో నూటికి తొంభై ఇళ్లకు పోలీసు గడప తొక్కాల్సిన అవసరమే రాలేదు. కేసు పడిన ఇంట్లోనే అన్న పొద్దున్నే లేచి పనికి పోయేవాడు, చెల్లెలు క్లాసులో ఫస్టు వచ్చేది. ఒకే కుండలో తిన్న పిల్లలు. పేదరికమే కారణమైతే ఇంటిల్లిపాదీ నేరస్థులు కావాలి కదా. మీ ఇంటిలాంటి ఇళ్లే నాకు ఎక్కువ కనిపించాయి.

ఇది ఇవాళ తెలిసింది కూడా కాదు. ఫ్రాన్స్‌లో గెరీ అనే లాయరు 1833లోనే జిల్లాలవారీగా నేరాల పటాలు గీశాడు. పేద ప్రాంతాల్లో దొంగతనాలు ఎక్కువుంటాయని అందరూ అనుకునేవాళ్లు. ఆయన పటంలో మాత్రం ఆస్తి నేరాలు సంపన్నమైన ఉత్తర ప్రాంతాల్లోనే ఎక్కువ తేలాయి. రెండేళ్లకు బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే కూడా ఆ మాటే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాడు. అందరూ ఒకేలా పేదగా ఉన్నచోట నేరాలు తక్కువే ఉండొచ్చు; కలిగినవాళ్లూ లేనివాళ్లూ పక్కపక్కనే ఉన్నచోట, ఉన్నట్టుండి బతుకు తలకిందులైనచోట పెరుగుతాయి అన్నాడు. మన కాలంలోనూ చూడండి. 2008 మాంద్యం తర్వాత, 2009 అక్టోబరుకు అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. నేరాలు విపరీతంగా పెరుగుతాయని భయపడ్డారు. ఆ ఏళ్లలో అక్కడ హత్యలూ దొంగతనాలూ రెండూ తగ్గాయి. జేబు ఖాళీ అయినంత మాత్రాన మనిషి కత్తి పట్టడు.

అలాగని పరిస్థితులకు సంబంధం లేదంటే నా ఉద్యోగమంతా కళ్లు మూసుకుని చేసినట్టే. సంబంధం ఉంది. అది మీటింగులో మీవాళ్లు అనుకుంటున్న చోట లేదు.

నేను ఏ పిల్లాడి ఇంటికి వెళ్లినా పక్కింటివాళ్లను ఒక ప్రశ్న తప్పకుండా అడిగేదాన్ని: "ఈ అబ్బాయి మీకు తెలుసా?" కొన్ని వీధుల్లో ఆ ప్రశ్నకు జవాబు ఆగేది కాదు. "తెలియకపోవడమేంటమ్మా, వీడు స్కూలు ఎగ్గొట్టి ఆ గోడ మీద కూర్చుంటాడు, రెండుసార్లు చెవి మెలిపెట్టి ఇంటికి పంపించాను, వాళ్లమ్మ రాత్రి డ్యూటీ, పాపం ఆవిడకేం తెలుస్తుంది" అని తిట్టుకుంటూనే అన్నీ చెప్పేవాళ్లు. ఆ తిట్లు వింటే నాకు ధైర్యం వచ్చేది. ఆ పిల్లాడు దారిలో పడతాడని రిపోర్టులో ధైర్యంగా రాసేదాన్ని. ఇంకొన్ని వీధుల్లో జవాబు ఇలా ఉండేది: "మేం వచ్చి ఆర్నెల్లే అయింది, ఎవరు ఎవరో తెలీదు." పక్క గదిలో అడిగినా అదే, ఆ పక్క గదిలోనూ అదే. అద్దెలు పెంచితే ఖాళీ చేసేవాళ్లు, పని ఎక్కడుంటే అక్కడికి పోయేవాళ్లు, ఇళ్లు కూల్చేస్తామని నోటీసులు అందుకున్నవాళ్లు. రెండు వీధుల్లోనూ ఆదాయం ఒకటే. ఒకచోట పిల్లాడికి తల్లి కాక ఇంకో పదిమంది కాపలా. ఇంకోచోట తల్లి ఒక్కతే, ఆమె కూడా రాత్రి డ్యూటీలో.

నేను చూసినదాన్ని లెక్కలతో చూపించినవాళ్లు ఉన్నారు. షికాగోలో షా, మెకే అనే ఇద్దరు 1900, 1933 మధ్య పిల్లల కోర్టుకు వచ్చిన వేల కేసులు తీసి, ఏ పిల్లాడి ఇల్లు ఎక్కడో పటం మీద గుర్తులు పెట్టారు. నగరం నడిబొడ్డును ఆనుకుని ఫ్యాక్టరీల పక్కన ఉన్న పేటల్లో కేసులు ఎక్కువ. అది ఊహించగలిగేదే. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పేటల్లో ఉండే జనం ఆ ముప్పయ్యేళ్లలో పూర్తిగా మారిపోయారు. జర్మన్లు, ఐరిష్‌వాళ్లు వెళ్లిపోయారు, ఇటాలియన్లు, పోలండ్‌వాళ్లు వచ్చారు. కేసులు మాత్రం ఆ పేటల్లోనే ఎక్కువగా కొనసాగాయి. వెళ్లిపోయిన కుటుంబాలు వేరే పేటల్లో కుదురుకున్నాక వాళ్ల పిల్లల కేసులు తగ్గిపోయాయి. 'ఆ జాతివాళ్లే అంత' అనే మాట అక్కడితో చెల్లకుండా పోయింది. మీ మీటింగులో 'ఆ బస్తీవాళ్లే అంత' అన్నవాళ్లకు ఇది చెప్పండి.

అదే షికాగోలో 1995లో 343 పేటల్లో 8,782 మందిని కలిసి అడిగారు: మీ వీధిలో పిల్లలు బడి ఎగ్గొట్టి మూలన గుమిగూడితే పెద్దవాళ్లెవరైనా కలగజేసుకుంటారా? పక్కింటివాళ్లను నమ్మొచ్చా? శాంప్సన్ అనే ప్రొఫెసరు, ఆయన తోటివాళ్లు ఆ ఫలితాలను 1997లో ప్రచురించారు. పేదరికంలో సమానంగా ఉన్న పేటల మధ్య కూడా, 'కలగజేసుకుంటారు, నమ్ముతాం' అన్నచోట హింస తక్కువగా ఉంది. అలా కలగజేసుకునే శక్తి ఎక్కడ నిలబడుతుందంటే, జనం ఏళ్లతరబడి ఒకేచోట ఉండగలిగినచోట. ఎక్కడ దెబ్బతింటుందంటే, కటిక పేదరికమంతా ఒకేచోట పోగుపడినచోట. సామాజిక, ఆర్థిక పరిస్థితులు నేరంగా మారే దారి ఇదీ. డబ్బు లేకపోవడం మనిషిని నేరుగా దొంగను చేయదు. అది మనుషుల్ని ఒకచోట నిలవనివ్వదు. నిలవనిచోట పిల్లాణ్ని ఆపే చెయ్యి ఉండదు.

ఇక శిక్ష సంగతి. తప్పు చేసినవాడికి శిక్ష ఉండాల్సిందే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ పిల్లాడి బతుకులో అసలు మలుపు మొదటి దొంగతనం దగ్గర వచ్చేది కాదు, మొదటి కేసు తర్వాత వచ్చేది. ఫోన్ కొట్టేసి దొరికిన ఒక పిల్లాణ్ని ఏసీ రిపేరు షాపులో పనికి పెట్టించాను. చెయ్యి బాగా తిరిగింది, ఓనరుకు కూడా నచ్చాడు. ఆ చుట్టుపక్కల ఏదో దొంగతనం జరిగి, పాత కేసు ఉంది కదా అని వాణ్ని షాపు దగ్గరికే వచ్చి పిలిచి అడిగారు. వాడికి సంబంధం లేదని ఆ సాయంత్రానికే తేలింది. మర్నాడు ఓనరు రావద్దన్నాడు. ఆ తర్వాత వాణ్ని వెతుక్కుంటూ వచ్చి పని ఇచ్చినవాళ్లు ఎవరో తెలుసా? దొంగ ఫోన్లు కొని విడిభాగాలు చేసి అమ్మేవాళ్లు. వాళ్లు ఏ సర్టిఫికెట్టూ అడగరు. సాయంత్రానికి చేతిలో డబ్బు పెడతారు, బండి ఇస్తారు, పేరు పెట్టి పిలుస్తారు. ఆ వయసు పిల్లాడికి చివరిది చాలా పెద్ద విషయం.

అమెరికాలోని మిల్వాకీ అనే నగరంలో డేవా పేజర్ అనే పరిశోధకురాలు ఒకేరకం అర్హతలున్న యువకుల్ని ఉద్యోగాలకు దరఖాస్తు చేయించి, కొందరికి జైలుకెళ్లి వచ్చినట్టు చూపించింది. 2003లో ఫలితాలు వచ్చాయి. తెల్లవాళ్లలో కేసు లేనివాళ్లకు నూటికి 34 చోట్ల పిలుపొస్తే, కేసు ఉన్నవాళ్లకు 17. నల్లవాళ్లలో కేసు లేకపోతే 14, ఉంటే 5. అంటే ఏ కేసూ లేని నల్లజాతి యువకుడికి, జైలుకెళ్లొచ్చిన తెల్లవాడికంటే తక్కువ పిలుపులు. పుట్టిన పేటను బట్టి, ఒంటి రంగును బట్టి తలుపులు ముందే మూసుంటే, పైన కేసు కూడా తోడైతే, ఆ పిల్లాడికి మిగిలేదెవరు? ఆ ఫోన్లు కొనేవాళ్లే.

జవాబు – చుక్కల పటం

నేను నేరాల డేటాను పటాల మీద పెట్టే పని చేస్తాను. మేడమ్ చెప్పినవాటికి కొన్ని చేర్పులు.

'ఫలానా పేటలో నేరాలు ఎక్కువ' అనే మాటే కొంత తప్పుదారి పట్టిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే నేరం పేటంతా పరుచుకుని ఉండదు. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన కాల్స్‌లో సగం, నగరంలోని మొత్తం చిరునామాల్లో సుమారు 3 శాతం నుంచే వచ్చాయని 1989లో తేలింది. సియాటిల్‌లో ఏళ్లతరబడి చూస్తే 4, 5 శాతం వీధి ముక్కల్లోనే (రెండు కూడళ్ల మధ్య ఉండే వీధి భాగం) సగం నేరాలు. 'చెడ్డ పేట' అని పేరుపడినచోట కూడా ఎక్కువ వీధులు ప్రశాంతంగానే ఉంటాయి. కాబట్టి మూడో అంతస్తు గారూ, బస్తీ గురించి వాదించే ముందు మీ మూడు సంఘటనలూ సరిగ్గా ఎక్కడ, ఏ వేళకు జరిగాయో రాసుకోండి. సందు దగ్గరా, మెయిన్ రోడ్డు మీదా? లైటు వెలుగుతోందా? దొంగతనం జరగాలంటే కొట్టేయాలనుకునేవాడు ఒక్కడుంటే సరిపోదు. తేలిగ్గా దొరికే వస్తువు ఉండాలి, చూసేవాళ్లు లేకుండా ఉండాలి. మూడూ ఒకచోట కలిస్తేనే పని జరుగుతుంది. కోహెన్, ఫెల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో చెప్పింది ఇదే.

గోడ గురించి నిజాయితీగా చెప్పాలి. దారులు మూయడం ఎప్పుడూ పనిచేయదని అనకండి, ఎవరైనా ఎదురు ఉదాహరణ చెప్తారు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌లాంటి చోట్ల ఇళ్ల వెనక సందులకు గేట్లు పెట్టి తాళాలు ఆ ఇళ్లవాళ్లకే ఇస్తే ఇళ్లలో చొరబాట్లు తగ్గాయి. కానీ అవి ఇళ్ల పెరటి గోడల మధ్య ఎవరూ పెద్దగా తిరగని సందులు. మీది రోజూ జనం నడిచే దారి. దాన్ని మూస్తే ఆ నడిచే మనుషుల కళ్లు కూడా పోతాయి. ఫోన్ లాక్కున్నవాడు బండి మీద వచ్చాడు కదా, వాడికి సన్నటి సందుతో పనేముంది?

లైట్ల గురించి మాత్రం గట్టి ఆధారం ఉంది. న్యూయార్క్‌లో 2016లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని పెద్ద లైట్లు పెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి.

ఇంకో సంగతి. పటం మీద చుక్క పడాలంటే ఎవరో ఫిర్యాదు చేయాలి, ఎవరో రాసుకోవాలి. పోలీసులు ఎక్కువ తిరిగేచోట చిన్నచిన్న నేరాలు కూడా నమోదవుతాయి. ఆఫీసు గదిలో కూర్చుని వందలమంది పొదుపు సొమ్ము మింగినవాడు మా పటం మీద కనిపించడు. 1939లో సదర్లాండ్ అనే సామాజికవేత్త దీన్ని గట్టిగా ఎత్తిచూపాడు. పేదలే నేరాలు చేస్తారన్న లెక్క, పెద్దమనుషుల నేరాలను లెక్కలో వేయకపోవడం వల్ల వచ్చిందని.

మూడో అంతస్తు

అందరికీ కృతజ్ఞతలు. వాచ్‌మన్‌ను, బైకులవాళ్లను అడిగాను. ఒక బైకు ముందు గేటు బయట, ఫుట్‌పాత్ పక్క నుంచి పోయింది. రెండోది సందు మొదట్లో, చెత్త వేసే ఖాళీ స్థలం దగ్గర. ఫోన్ పోయింది మెయిన్ రోడ్డు మీదే. అంటే సందుకు సంబంధమే లేదని అనలేను, గోడ కడితే మూడూ ఆగేవనీ అనలేను. గోడ వద్దంటే మరేం చేద్దామంటారు అని అడుగుతారు. ఏం చెప్పాలి?

రెండు చక్రాలు

మేడమ్, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా వీధిలో కూడా అందరూ అందరికీ తెలుసు. నేను స్కూలు ఎగ్గొడితే సాయంత్రానికల్లా నాన్నకు చేరేది. దీన్ని ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ ఒకటి అడుగుతాను. నాది చిన్న మెకానిక్ షెడ్డు. కేసు ఉన్న కుర్రాణ్ని పనికి పెట్టుకోమంటే నా కస్టమర్ల బళ్లకు ఎవరు పూచీ?

మలుపు దగ్గర

మీ భయం న్యాయమైనదే. పూచీ ఒక్కరి నెత్తిన వేయకూడదు. నేను పెట్టించిన పనుల్లో నిలబడినవాటికి ఒక పద్ధతి ఉండేది: మొదట్లో క్యాష్ పెట్టె, తాళాలు వాడి చేతికి ఇవ్వకపోవడం, వారం వారం నేను షెడ్డుకు వెళ్లి ఓనరుతో, పిల్లాడితో విడివిడిగా మాట్లాడడం, ఏదైనా తేడా వస్తే ముందు నాకు ఫోన్ చేస్తానని ఓనరు దగ్గర మాట తీసుకోవడం. కొందరు పిల్లలు నిలవలేదు, అది దాచను. నిలిచినవాళ్లలో ఇవాళ సొంత షాపులు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అసలు కేసు పడేదాకా ఆగక్కర్లేదు. షికాగోలో 2012 వేసవిలో హింస ఎక్కువగా ఉన్న స్కూళ్ల నుంచి 1,634 మంది పిల్లలు దరఖాస్తు పెట్టుకుంటే, లాటరీ వేసి కొందరికి 8 వారాల పని ఇచ్చారు, పక్కన ఒక పెద్దమనిషిని తోడుంచారు. మొత్తం 16 నెలలు గమనిస్తే, హింసాత్మక నేరాల్లో అరెస్టులు పని దొరకనివాళ్లతో పోలిస్తే 43 శాతం తక్కువ. దొంగతనాల కేసుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఆ మాటా చెప్పాలి. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఆ తగ్గుదల ఎక్కువభాగం పని అయిపోయాక వచ్చింది. అంటే తీరిక లేకపోవడం వల్ల వచ్చిన మార్పు కాదది, ఆ పిల్లల్లోనే ఏదో కుదురుకుంది.

మూడో అంతస్తు గారూ, మీరు చెప్పిన చెత్త స్థలం దగ్గర మొదలుపెట్టండి. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలు తీసుకుని, కొన్నింటిని శుభ్రం చేసి, గడ్డి, చెట్లు వేసి, పొట్టి కంచె కట్టారు. ఇంకొన్నింటిని శుభ్రం మాత్రం చేశారు. మిగతావాటిని అలాగే వదిలేశారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, పేదరికం ఎక్కువున్న పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గింది. మీ దగ్గర పోయింది బైకు కాబట్టి అదే అంకె వస్తుందని చెప్పకండి. కానీ గోడకు పెట్టే ఖర్చులో ఆ స్థలం శుభ్రమవుతుంది, సందుకు రెండు చివర్లా లైట్లు పడతాయి.

ఆదివారం ఈ అంకెలన్నీ చదవొద్దు, ఎవరూ వినరు. మీ మూడు సంఘటనల స్థలాలూ వేళలూ ఒక కాగితం మీద గీసి అందరి ముందూ పెట్టండి. తీర్మానాన్ని ఒక నెల వాయిదా వేయమనండి. బస్తీ నుంచి ఇద్దరు ముగ్గుర్ని మీటింగుకు పిలవాలని అడగండి, మీ ఇళ్లకు పనికి వచ్చే ఆడవాళ్లతోనే మొదలుపెట్టొచ్చు. వాళ్ల ఇళ్లలో ఏమేం పోయాయో కూడా అడగండి. నేను వెళ్లిన బస్తీల్లో సైకిళ్లు, సిలిండర్లు, ఆరేసిన బట్టలు తరచూ పోయేవి, ఫిర్యాదు చేసేందుకు వాళ్లకు ఒక పూట కూలి వదులుకునే వీలుండేది కాదు. ఆ చెత్త స్థలం దగ్గర రాత్రిళ్లు ఎవరు కూర్చుంటారో మీకంటే వాళ్లకే బాగా తెలిసుంటుంది. గోడకు అవతల ఉంచితే అది మీకు ఎవరు చెప్తారు?